కేంద్రకం పెద్దదైనా సాంద్రత ఎందుకు పెరగదు?

నువ్వు అడిగింది ఇది. బంగారం సాంద్రత అల్యూమినియం సాంద్రతకు ఏడు రెట్లు. బంగారం ద్రవ్యరాశి సంఖ్య 197, అల్యూమినియంది 27, అదీ సుమారు ఏడు రెట్లే. అలాంటప్పుడు బంగారం కేంద్రకం సాంద్రత కూడా ఏడు రెట్లు ఉండాలి కదా, పుస్తకంలో మాత్రం అన్ని కేంద్రకాలకూ ఒకటే అని ఎందుకుంది? లెక్కలో పైనా కిందా ‘ఏ’ (ద్రవ్యరాశి సంఖ్య) కొట్టేస్తే పోతుందని సార్ చెప్పారు, కొట్టేయడం వచ్చింది గానీ ఎందుకు పోతుందో అర్థం కాలేదు అన్నావు. చివర్లో టెస్టులో తప్పు పోయిన బెరీలియం బిట్ కూడా పెట్టావు. దాని సంగతి ఆఖర్న చూద్దాం.

ఇంటర్ సెకండియర్ అన్నావు కాబట్టి చనువు తీసుకుని ‘నువ్వు’ అనే రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ‘కొట్టేస్తే పోతుంది’ అన్నది అసలు జవాబు కాదని నీకు తోచింది చూడు, అక్కడే నువ్వు సగం దూరం వచ్చేశావు. అయినా ముందు ఆ లెక్క అంకెలతో ఒకసారి చేసి చూద్దాం. చేతికి లెక్క తగలకపోతే మిగతావన్నీ గాలి మాటలే.

సూత్రం నీకు తెలిసిందే. కేంద్రక వ్యాసార్థం = 1.2 ఫెర్మీలు × ద్రవ్యరాశి సంఖ్యకు ఘనమూలం. ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటరు. ద్రవ్యరాశి సంఖ్య, అంటే మనం ‘ఏ’ అని రాసేది, కేంద్రకంలో ఉన్న ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం లెక్క. రెండింటినీ కలిపి న్యూక్లియాన్లు అంటాం.

అల్యూమినియం తీసుకో. 27కి ఘనమూలం 3, కాబట్టి వ్యాసార్థం 3.6 ఫెర్మీలు. గోళం ఘనపరిమాణం కడితే సుమారు 195 ఘనపు ఫెర్మీలు. దాన్ని 27 మందికి పంచితే ఒక్కో న్యూక్లియాన్‌కు 7.24 ఘనపు ఫెర్మీల చోటు వచ్చింది. ఇప్పుడు బంగారం. 197కి ఘనమూలం 5.82, వ్యాసార్థం దాదాపు 7 ఫెర్మీలు, ఘనపరిమాణం సుమారు 1,426 ఘనపు ఫెర్మీలు. దాన్ని 197 మందికి పంచు. మళ్లీ అదే 7.24! ఒక్కో న్యూక్లియాన్ బరువు సుమారు 1.66 × 10⁻²⁷ కిలోలు. దాన్ని ఈ చోటుతో భాగిస్తే ఘనపు మీటరుకు 2.3 × 10¹⁷ కిలోలు. పుస్తకంలో కనిపించే అంకె ఇదే. అల్యూమినియంకీ ఇదే, బంగారానికీ ఇదే. ‘ఏ పోయింది’ అనే బదులు ‘తలా ఒక్కరికి దక్కే చోటు మారలేదు’ అని అనుకో. రెండూ ఒకటే మాట, కానీ రెండోది కళ్లకు కనిపిస్తుంది.

మరి లోహాల సాంద్రతలో ఆ ఏడు రెట్ల తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఇది చాలా పుస్తకాల్లో చెప్పకుండా వదిలేస్తారు, నాకు మాత్రం ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. అల్యూమినియం ఒక మోల్ 27 గ్రాములు, సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 2.7 గ్రాములు. అంటే మోల్‌కు 10 ఘనపు సెంటీమీటర్లు. బంగారం మోల్ 197 గ్రాములు, సాంద్రత 19.3. భాగిస్తే 10.2 ఘనపు సెంటీమీటర్లు. చూశావా? రెండిటి పరమాణువులూ దాదాపు ఒకే చోటు ఆక్రమిస్తున్నాయి. రెండు లోహాల స్ఫటిక అమరిక కూడా ఒకటే రకం, దాని గడి అంచు అల్యూమినియంలో 4.05 ఆంగ్‌స్ట్రామ్‌లు, బంగారంలో 4.08 (ఆంగ్‌స్ట్రామ్ అంటే 10⁻¹⁰ మీటరు). గది సైజు మారలేదు, లోపల పెట్టిన సామాను మాత్రం ఏడు రెట్లయింది. అందుకే లోహం సాంద్రత ఏడు రెట్లు.

పరమాణువు సైజును నిర్ణయించేది ఎలక్ట్రాన్లు. బంగారంలో 79 ఎలక్ట్రాన్లున్నాయి, కానీ కేంద్రకంలో 79 ప్రోటాన్లు కూడా ఉన్నాయి కదా, అవి లోపలి ఎలక్ట్రాన్లను గట్టిగా దగ్గరికి లాక్కుంటాయి. అందువల్ల ఎలక్ట్రాన్లు పెరిగినంత మాత్రాన పరమాణువు అంతకంతకూ ఉబ్బిపోదు. కేంద్రకంలో అలాంటి కథ నడవదు. అక్కడ సామాను ఏడు రెట్లయితే గది కూడా ఏడు రెట్లవుతుంది. నువ్వు చేసిన పొరపాటల్లా పరమాణువు లెక్కను తీసుకెళ్లి కేంద్రకానికి అంటించడమే. అది నీ ఒక్కడి పొరపాటు కాదులే, నేను చూసిన ప్రతి బ్యాచ్‌లోనూ కనీసం పదిమంది చేసేవాళ్లు.

ఇక అసలు ప్రశ్న. వ్యాసార్థం ఘనమూలంతో పెరుగుతుందని రాసేశాం అనుకో, గోళం ఘనపరిమాణం కట్టేటప్పుడు మళ్లీ ఘనం చేస్తాం కాబట్టి ‘ఏ’ బయటికొచ్చి, పైనున్న ‘ఏ’తో కొట్టుకుపోతుంది. కానీ ఘనమూలం అని ముందే రాసుకున్నది ఎవరు? మనమే! ఆ సూత్రం రాసిన క్షణంలోనే సాంద్రత మారదని ఒప్పుకున్నట్టయింది. కాబట్టి ఆ కొట్టేయడం రుజువు కాదు, ఒకే మాటను రెండు రకాలుగా చెప్పడం. ఆ ఘనమూలం ఎక్కడి నుంచి వచ్చింది అని అడగాలి. దానికి రెండు జవాబులున్నాయి. ఒకటి, కొలిస్తే అలా వచ్చింది. రెండు, కేంద్రక బలం స్వభావం అలాంటిది.

కొలతల సంగతి ముందు చెప్తాను. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను (హీలియం కేంద్రకాలను) కొట్టారు, 1911లో రూథర్‌ఫర్డ్ దాని నుంచి కేంద్రకం ఉందని తేల్చాడు. ఇది నువ్వు చదివిందే. కానీ ఆ ప్రయోగం కేంద్రకం సైజు చెప్పలేదు, ఇంతకంటే పెద్దది కాదు అని మాత్రమే చెప్పింది. 7.7 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రకాల దగ్గర శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఉన్న ఆల్ఫా కణం బంగారం కేంద్రకానికి ఎదురుగా వెళ్లినా సుమారు 30 ఫెర్మీల దూరంలోనే ఆగి వెనక్కి తిరుగుతుంది. అసలు కేంద్రకం 7 ఫెర్మీలే. గేటు దగ్గరే ఆపేస్తే ఇల్లు ఎంతుందో ఏం తెలుస్తుంది?

లోపలిదాకా వెళ్లాలంటే కేంద్రక బలం పట్టించుకోని కణం కావాలి. ఎలక్ట్రాన్ అలాంటిది. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హోఫ్‌స్టాటర్ బృందం వందల ఎంఈవీ శక్తికి పెంచిన ఎలక్ట్రాన్లను రకరకాల కేంద్రకాల మీదికి పంపి, ఏ కోణంలో ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టింది. ఆ శక్తి దగ్గర ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం కేంద్రకం సైజుకు దగ్గరగా వస్తుంది. చిన్న రంధ్రం గుండా వెలుతురు వెళ్తే వెలుగు నీడల వలయాలు పడతాయి కదా, అలాగే ఇక్కడ కూడా కొన్ని కోణాల దగ్గర ఎలక్ట్రాన్ల సంఖ్య పడిపోతుంది. ఆ పడిపోయే కోణాన్ని బట్టి సైజు చెప్పొచ్చు. హోఫ్‌స్టాటర్‌కు 1961లో నోబెల్ వచ్చింది ఈ పనికే.

దాదాపు అదే కాలంలో, 1953లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫిచ్, రెయిన్‌వాటర్ ఇంకో దారి పట్టారు. మ్యూయాన్ అనే కణం ఎలక్ట్రాన్‌కు అన్నలాంటిది, బరువు 207 రెట్లు. దాన్ని పరమాణువులో ఎలక్ట్రాన్ స్థానంలో పెడితే కేంద్రకానికి 207 రెట్లు దగ్గరగా తిరుగుతుంది. సీసం లాంటి భారీ పరమాణువులోనైతే చాలాసేపు కేంద్రకం లోపలే గడుపుతుంది. అది వెలువరించే ఎక్స్ కిరణాల శక్తిని కొలిస్తే కేంద్రకం సైజు బయటపడింది, అప్పటిదాకా అందరూ అనుకున్నదానికంటే చిన్నదని తేలింది. అంతకుముందు సూత్రంలో 1.4 దాకా, ఇంకా ఎక్కువ కూడా వాడేవాళ్లు.

ఈ మాట ఎందుకు చెప్పానంటే, నీకు ఒక్కో గైడ్‌లో ఒక్కో అంకె కనిపిస్తుంది. ఒకదాంట్లో 1.1, ఒకదాంట్లో 1.2, ఇంకోదాంట్లో 1.25, పాతవాటిలో 1.3, 1.4. టెన్షన్ పడకు. సాంద్రత ఆ అంకె ఘనం మీద ఆధారపడుతుంది కాబట్టి తేడా పెద్దగానే కనిపిస్తుంది. 1.1 పెడితే దాదాపు 3 × 10¹⁷ వస్తుంది, 1.3 పెడితే 1.8 × 10¹⁷. ప్రశ్నలో ఏ అంకె ఇచ్చారో అదే వాడు. ఏమీ ఇవ్వకపోతే 1.2.

ఇక రెండో జవాబు. అసలు విషయం ఇక్కడుంది.

కేంద్రక బలం చాలా కొద్ది దూరమే పనిచేస్తుంది. రెండు న్యూక్లియాన్లు ఒకటి రెండు ఫెర్మీల దూరంలో ఉంటే గట్టిగా ఆకర్షించుకుంటాయి. మూడు ఫెర్మీలు దాటితే దాదాపు ఏమీ ఉండదు. మరీ దగ్గరికి, అర ఫెర్మీకి నెడితే తిరగబడి వికర్షిస్తాయి. జాతర్లో జనం చేతులు పట్టుకుని నడుస్తున్నారనుకో. పక్కనున్నవాళ్ల చేయి మాత్రమే పట్టుకోగలవు. జాతరకి వెయ్యిమంది వచ్చినా, లక్షమంది వచ్చినా నీ చేతికందేది నీ చుట్టుపక్కల నలుగురైదుగురే. జనం పెరిగారని నీ మీద లాగుడు పెరగదు, పక్కవాళ్లు ఇంకా దగ్గరికి జరగరు. వచ్చినవాళ్లు అంచున చేరతారు, గుంపు వైశాల్యం పెరుగుతుంది, ఒత్తిడి అలాగే ఉంటుంది. కేంద్రకంలో జరిగేది సరిగ్గా ఇదే. పుస్తకంలో దీన్ని సంతృప్తత అంటారు.

ఇది పోలిక మాత్రమే కాదు, అంకెల్లో చూపించొచ్చు. ప్రతి న్యూక్లియాన్ మిగతా అందరితోనూ ఆకర్షణ పెట్టుకునేదే అయితే, బంధన శక్తి (కేంద్రకాన్ని విడి న్యూక్లియాన్లుగా విడదీయడానికి కావాల్సిన శక్తి) జతల సంఖ్యను బట్టి పెరగాలి. ఇనుము-56లో జతలు 56 × 55 ÷ 2, అంటే 1,540. యురేనియం-238లో 28,203. అంటే పద్దెనిమిది రెట్లు. మరి కొలిచిన బంధన శక్తులు? ఇనుముకు సుమారు 492 ఎంఈవీ, యురేనియంకు సుమారు 1,800. మూడున్నర రెట్ల పైచిలుకు, అంతే. న్యూక్లియాన్ల సంఖ్య ఎన్ని రెట్లు పెరిగిందో చూడు: 238 ÷ 56 = 4.25. బంధన శక్తి న్యూక్లియాన్ల సంఖ్య వెంట నడుస్తోంది, జతల సంఖ్య వెంట కాదు. తలా ఒక్కరికి 8 ఎంఈవీ అటూ ఇటూ. పుస్తకంలో బంధన శక్తి వక్రరేఖ మధ్యలో దాదాపు బల్లపరుపుగా ఉంటుంది చూడు, సాంద్రత మారకపోవడానికీ ఆ వక్రరేఖ బల్లపరుపుగా ఉండటానికీ కారణం ఒక్కటే. ఈ రెండూ వేర్వేరు పాయింట్లుగా బట్టీ పడతారు, అన్యాయం!

యురేనియం దగ్గర 7.6కి ఎందుకు తగ్గింది అని అడుగుతావేమో. ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణకి ఈ దూరం హద్దు లేదు, ప్రతి ప్రోటాన్ మిగతా ప్రతి ప్రోటాన్‌నీ నెడుతుంది. కేంద్రకం పెద్దదయ్యే కొద్దీ ఆ నెట్టుడు పెరుగుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పాఠం చెప్పడానికి బూందీ లడ్డూ పట్టుకెళ్లేవాణ్ణి. చిన్న లడ్డూలో బూందీ ఎంత దగ్గరగా ఉందో పెద్ద లడ్డూలోనూ అంతే దగ్గరగా ఉంటుంది, బూందీ ఎనిమిది రెట్లు వేస్తే లడ్డూ అడ్డంగా రెండింతలే అవుతుంది, సాంద్రత అదే. పిల్లలకు ఇట్టే పట్టుబడేది, పైగా పాఠం అయ్యాక పంచేవాణ్ణి కాబట్టి ఆ రోజు హాజరు కూడా బాగుండేది. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “సార్, అయితే న్యూక్లియాన్లు కూడా బూందీలాగే ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయా?” అంది. ఆనుకునే ఉంటాయమ్మా అని చెప్పేశాను. ఇంటికొచ్చి లెక్క కట్టుకుంటే ముఖం చెల్లలేదు.

ప్రోటాన్ వ్యాసార్థం సుమారు 0.84 ఫెర్మీలు. దాని ఘనపరిమాణం దాదాపు 2.5 ఘనపు ఫెర్మీలు. కేంద్రకంలో తలా ఒక్కరికి దక్కే చోటు 7.24 అని పైన చూశాం. అంటే మూడింట ఒక వంతు మాత్రమే నిండింది! ఒకే సైజు గోలీలను ఒడుపుగా పేరిస్తే 74 శాతం దాకా నింపొచ్చు. దాంతో పోలిస్తే కేంద్రకం చాలా ఖాళీగా ఉన్నట్టే. న్యూక్లియాన్లు ఒకదాన్నొకటి తాకుతూ ఇరుక్కుని కూర్చోలేదు, లోపల తిరుగుతూ ఉంటాయి. కాబట్టి లడ్డూ కంటే నీటి బొట్టు మంచి పోలిక. చిన్న బొట్టయినా పెద్ద బొట్టయినా నీటి సాంద్రత ఒకటే, అణువులు పక్కవాటినే పట్టుకుంటాయి, లోపల కదులుతూనే ఉంటాయి. ద్రవ బిందు నమూనా అని చదువుతావే, అది ఈ పోలికే. దాన్ని మొదట గామోవ్ తెచ్చాడు, 1935లో వైజ్‌సాకర్ సూత్రంగా రాశాడు, 1939లో నీల్స్ బోర్, వీలర్ దాంతోనే కేంద్రక విచ్ఛిత్తిని, అంటే కేంద్రకం రెండుగా చీలడాన్ని, వివరించారు. మరుసటి రోజు క్లాసులో తప్పు దిద్దుకున్నాను. లడ్డూ పంచడం మాత్రం మానలేదు.

ఇక్కడితో ఆపితే పరీక్షకు సరిపోతుంది. కానీ ‘అన్ని కేంద్రకాలకూ ఒకటే’ అన్న మాటని మరీ అక్షరాలా నమ్మొద్దు. అందులో ‘దాదాపు’ అన్న మాట దాగి ఉంది, అది ఎంత దాదాపో కూడా చూడాలి.

ఎలక్ట్రాన్లతో, మ్యూయాన్లతో కొలిచిన వ్యాసార్థాలను తీసుకుని, వాటిని సూత్రంలోకి పెట్టి, ఆ 1.2 అనే అంకె నిజంగా ఎంత వస్తుందో వెనక్కి లెక్క కడదాం. సీసం-208కి 1.20 వస్తుంది, బంగారానికి 1.21, తగరం-120కి 1.22. భలేగా కుదిరింది. ఇనుము-56 దగ్గరికి వస్తే 1.26. కాల్షియం-40కి 1.31. ఆక్సిజన్-16కి 1.38, కార్బన్-12కి 1.39. చిన్న కేంద్రకాలవైపు వెళ్లే కొద్దీ అంకె పెరుగుతోంది, అంటే సగటు సాంద్రత తగ్గుతోంది. కార్బన్ దగ్గర అది సీసం సాంద్రతలో మూడింట రెండు వంతులే.

దీనికి కారణం కేంద్రకం అంచు. కేంద్రకం బిలియర్డ్ బంతిలా కోసినట్టు ఆగిపోదు. లోపల సాంద్రత సమంగా ఉండి, అంచు దగ్గర దాదాపు 2.3 ఫెర్మీల మందంలో 90 శాతం నుంచి 10 శాతానికి జారిపోతుంది. ఈ పలచటి పొర మందం పెద్ద కేంద్రకానికీ చిన్నదానికీ ఇంచుమించు ఒకటే. సీసానికి 7 ఫెర్మీల వ్యాసార్థంలో అది ఒక పొర మాత్రమే. కార్బన్‌కు మొత్తం వ్యాసార్థమే మూడు ఫెర్మీల లెక్క, కాబట్టి దాదాపు అంతా అంచే! పుచ్చకాయకీ నిమ్మకాయకీ తొక్క మందం ఒకటే ఉంటే నిమ్మకాయలో మిగిలేదేముంది? మారనిది పెద్ద కేంద్రకాల నడిమి భాగంలో ఉండే సాంద్రత. అది ఘనపు ఫెర్మీకి 0.16 న్యూక్లియాన్లు, అంటే ఘనపు మీటరుకు సుమారు 2.7 × 10¹⁷ కిలోలు. పుస్తకంలోని 2.3 × 10¹⁷ కంటే కాస్త ఎక్కువ, ఎందుకంటే పుస్తకంలోది పలచటి అంచును కూడా కలిపి తీసిన సగటు.

కొన్ని కేంద్రకాలు సూత్రానికి అస్సలు లొంగవు. కాల్షియం-40, కాల్షియం-48 తీసుకో. ఎనిమిది న్యూట్రాన్లు ఎక్కువ కాబట్టి సూత్రం ప్రకారం వ్యాసార్థం 6 శాతం పెరగాలి. ప్రోటాన్లు కేంద్రం నుంచి సగటున ఎంత దూరం పరుచుకున్నాయో కొలిస్తే రెండింటికీ 3.48 ఫెర్మీలే! అదనపు న్యూట్రాన్లు చాలావరకు అంచుకు చేరాయి. సీసంలో కూడా న్యూట్రాన్లు ప్రోటాన్ల కంటే కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఒక పొరలా ఉంటాయి. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో కొలిచి 2021లో ప్రకటించిన దాని ప్రకారం ఆ పొర మందం 0.28 ఫెర్మీలు, అటూ ఇటూ 0.07.

ఇక లిథియం-11 అయితే మరీ విడ్డూరం. 1985లో తనిహాతా బృందం బర్క్‌లీలో కొలిచి చూస్తే పదకొండు న్యూక్లియాన్లకు ఉండాల్సిన సైజు కంటే చాలా పెద్దది వచ్చింది. లోపల తొమ్మిది న్యూక్లియాన్ల ముద్ద ఉంటే, మిగిలిన రెండు న్యూట్రాన్లు వదులుగా, దూరంగా తిరుగుతూ చుట్టూ పొగలా పరుచుకున్నాయి. ఆ పొగ పరిధి దాదాపు సీసం కేంద్రకమంత. అంటే సాంద్రత మారకపోవడం అన్నది బాగా కట్టుబడి ఉన్న కేంద్రకాలకు వర్తించే మాట. పట్టు వదులైతే ఆ నియమమూ వదులవుతుంది. దీని అర్ధ జీవితకాలం 9 మిల్లీసెకన్ల లోపే కాబట్టి నీ సిలబస్‌లో దీన్ని ఎవరూ అడగరులే.

ఘనపు మీటరుకు 2.3 × 10¹⁷ కిలోలు అంటే ఎంతో మనసుకు పట్టదు. రెండు మిల్లీమీటర్ల ఆవగింజ అంత కేంద్రక పదార్థం చేతిలో పెట్టుకోగలిగితే బరువు సుమారు 9.6 లక్షల టన్నులు. బొగ్గు మోసే గూడ్సు రైలు ఒకటి 4 వేల టన్నులు మోస్తుందనుకుంటే, 240 రైళ్ల బొగ్గు ఒక ఆవగింజలో. బంగారం లోహం సాంద్రత కంటే ఇది 12 లక్షల కోట్ల రెట్లు. ఆశ్చర్యమేమీ లేదు, పరమాణువు వ్యాసార్థం కేంద్రకానికి ఇరవై వేల రెట్లు. దాన్ని ఘనం చేస్తే 8 లక్షల కోట్లు. లోహంలో పరమాణువులు 74 శాతం చోటే నింపుతాయని పైన గోలీల దగ్గర అన్న అంకెతో సరిచేస్తే 10, 12 లక్షల కోట్ల లెక్కలోకి వచ్చేస్తుంది. ఖాళీ టైములో ఒకసారి నువ్వే కట్టి చూసుకో.

అంత పదార్థం ఒకేచోట నిజంగా ఉన్న ఉదాహరణ న్యూట్రాన్ నక్షత్రం. సరదాకి దాన్ని కూడా ఒక పెద్ద కేంద్రకం అనుకుందాం. సూర్యుడికి 1.4 రెట్లు బరువున్న న్యూట్రాన్ నక్షత్రంలో సుమారు 1.66 × 10⁵⁷ న్యూక్లియాన్లుంటాయి. ఘనమూలం తీసి 1.2 ఫెర్మీలతో గుణించు: 14 కిలోమీటర్లు! అల్యూమినియం దగ్గర 27తో మొదలుపెట్టిన సూత్రం 10⁵⁷ దాకా వచ్చి కూడా ఊరి సైజు చెప్పగలిగింది. అసలు వ్యాసార్థం దాదాపు 12 కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్ల తేడాకి కారణం గురుత్వాకర్షణ. అది కేంద్రక బలంలా పక్కవాళ్లతో సరిపెట్టుకోదు, ప్రతి న్యూట్రాన్ మిగతా అన్నిటినీ లాగుతుంది. జతల లెక్క అన్నాం చూడు, అది ఇక్కడ వర్తిస్తుంది. అందువల్ల న్యూట్రాన్ నక్షత్రంలో బరువు పెరిగే కొద్దీ లోపలి సాంద్రత పెరుగుతుంది, నడిబొడ్డున కేంద్రక సాంద్రతకు కొన్ని రెట్లు ఉంటుంది. నువ్వు కేంద్రకంలో ఏం జరగాలని అనుకున్నావో అది జరిగే చోటు ఇదన్నమాట.

ఇక పరీక్ష సంగతులు, గబగబా. రెండు కేంద్రకాల ద్రవ్యరాశి సంఖ్యల నిష్పత్తి ఏదిచ్చినా సాంద్రతల నిష్పత్తి 1:1. అంకెలు చూసి లెక్క మొదలుపెట్టొద్దు, టైమ్ వేస్ట్. ఐసోబార్లకు ద్రవ్యరాశి సంఖ్య ఒకటే కాబట్టి వ్యాసార్థమూ ఒకటే అని రాయాలి. ద్రవ్యరాశి లోపం వల్ల కేంద్రకం బరువు సరిగ్గా న్యూక్లియాన్ల బరువుల మొత్తం కాదు కదా అని ఎవరైనా పేచీ పెడితే, ఆ తేడా ఒక శాతం లోపే, ఈ లెక్కల్లో పట్టించుకోనక్కర్లేదు. ప్రోటాన్ల సంఖ్యను ఘనమూలంలో పెట్టేయడం అన్నిటికంటే ఎక్కువగా చూసిన తప్పు. బంగారానికి 79 కాదు, 197.

నీ బెరీలియం బిట్: బెరీలియం-9 వ్యాసార్థానికి రెండింతలు వ్యాసార్థం ఉన్న కేంద్రకంలో న్యూక్లియాన్లెన్ని? నువ్వు 18 పెట్టావు. వ్యాసార్థం రెండింతలైతే ఘనపరిమాణం ఎనిమిది రెట్లు. తలా ఒక్కరికి చోటు అదే, కాబట్టి మంది కూడా ఎనిమిది రెట్లు. 9 × 8 = 72.